గంటల లెక్క

స్త్రీలు విమానం నడిపిన చరిత్రను మనం సాహసగాథగానే చదువుతూ వచ్చాం. 'మొదటి మహిళ' అని ఒక పేరు, ఒక ఫోటో, ఒక సంవత్సరం. స్త్రీల జీవిత కథలు చదివే పరిశోధకురాలిగా నాకు ఈ 'సాహసం' అనే మాటతో పేచీ ఉంది. ఆ స్త్రీలు నేర్చిన విద్యను అది కనబడకుండా చేస్తుంది.

ఏమిటా విద్య? మా విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ డ్రైవరునడిగినా సగం చెప్తాడు. లోడు బండి వంతెన ఎక్కాలంటే ముందే వేగం కూడదీసుకోవాలి. ఆ వేగమే ఎత్తుగా మారుతుంది. విమానంలోనూ అంతే. ఎత్తు, వేగం రెండూ శక్తి రూపాలే. ఒకటిచ్చి మరొకటి తెచ్చుకోవచ్చు. ఇంజను ఆ మొత్తాన్ని పెంచుతుంది, గాలి నిరోధం తరిగిస్తుంది. మిగతా సగం లారీకి లేనిది. వేగం తగ్గాక కూడా విమానం ముక్కు పైకెత్తుతూ పోతే రెక్కల మీద గాలి చెదిరి, మోసే బలం పడిపోతుంది. దాన్ని స్టాల్ అంటారు. అప్పుడు ముక్కు కిందికి దించాలి, ఇంజను బలం పెంచాలి. భయం పైకి లాగమంటుంది. శిక్షణ కిందికి దించమంటుంది. అందుకే తగినంత ఎత్తులో, శిక్షకులు పక్కన ఉండగా, కావాలనే స్టాల్ చేసి బయటపడటం మళ్లీ మళ్లీ నేర్పుతారు. అది ధైర్యంతో వచ్చేది కాదు, గంటలతో వచ్చేది.

మరి ఆ గంటలు ఎవరికి దొరికాయి? 1936లో సరళా థక్రాల్ జిప్సీ మాత్ విమానం నడిపి లైసెన్సు పొందింది. కమర్షియల్ లైసెన్సుకు సిద్ధమవుతుంటే రెండో ప్రపంచ యుద్ధం వచ్చి శిక్షణ ఆగిపోయింది. 1947లో ఆ లైసెన్సు సాధించిన ప్రేమ్ మాథుర్‌ను ఎన్నో కంపెనీలు కాదన్నాక, హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్ కో-పైలట్‌గా తీసుకుంది. 1949లో జాతీయ విమాన పందెం గెలిచినా అక్కడ ఆమెకు కెప్టెన్ స్థానం దక్కలేదు. విజయవాడలో పెరిగిన అనీ దివ్య చదువుకు కుటుంబం అప్పులు చేసింది. పదిహేడేళ్లకు రాయబరేలీ దగ్గరి ఫుర్సత్‌గంజ్ అకాడమీలో చేరిన ఆమె, ముప్ఫై ఏళ్లకు, 2017 నాటికి, బోయింగ్ 777 కమాండర్ అయింది.

పైలట్ లాగ్‌బుక్‌లో ఎన్ని గంటలు ఎగిరారో, కమాండ్‌లో ఎన్ని గంటలున్నారో విడివిడిగా రాస్తారు. స్త్రీల చరిత్ర రాసేవాళ్లం మనం చూడవలసింది ఆ రెండో లెక్క. ఫోటోలో ఇద్దరూ కాక్‌పిట్‌లోనే కనిపిస్తారు. నిర్ణయం ఎవరిదో ఆ గడిలోనే తెలుస్తుంది.