ఇంజనులో బిగుసుకుపోయిన క్రాంక్ పుల్లీ – తీసే విధానం

ప్రాణహిత, గోదావరి కలిసే చోట ఉన్న సిరోంచ నుండి జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఇటువంటి చోట బండి నిలిచిపోతే అందుబాటులో ఉన్న మెకానిక్కే ఆధారం. ఆయన చేతిలో ఒక తప్పు దెబ్బ పడితే రెండు గంటల పని ఇంజను మొత్తం విప్పే పనిగా మారుతుంది. 2022 జూలై వరదలలో ఈ తాలూకాలోని నదీతీర గ్రామాలు నీట మునిగాయి. నీటిలో నానిన బండిలో తుప్పు పట్టి కదలకుండా పోయే భాగాలలో క్రాంక్ పుల్లీ ఒకటి.

క్రాంకు షాఫ్టు ముందు కొనకు బిగించి ఉండే ఈ చక్రమే బెల్టు ద్వారా ఆల్టర్నేటరును, చాలా బండ్లలో నీటి పంపును కూడా తిప్పుతుంది. టైమింగు బెల్టు మార్చాలన్నా, ముందు ఆయిల్ సీలు కారుతున్నా దీనిని తీయక తప్పదు. పుల్లీ నడిమి రంధ్రం షాఫ్టుపై చాలా దగ్గరగా కూర్చుంటుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక ఆ సన్నని సందు పూర్తిగా నిండిపోతుంది. తీయడం కష్టం కావడానికి కారణం ఇదే.

మొదట బ్యాటరీ నెగెటివు తీగ విప్పాలి. ముందు చక్రం వైపు నుండి పని చేయవలసిన కార్లలో బండిని జాకీ మీదనే వదలక కింద గట్టి స్టాండు పెట్టాలి. ఇంజను నిలువుగా ఉండే జీపు వంటి బండ్లలో రేడియేటరు, ఫ్యాను అడ్డు వస్తాయి. బెల్టు తీసిన తరువాత పుల్లీని పరిశీలించాలి. కొన్ని చిన్న కార్లలో పుల్లీ చుట్టూ ఉన్న చిన్న బోల్టులు విప్పితే చాలు, నడిమి పెద్ద బోల్టును తాకనే అక్కరలేదు. ఇది తెలియక పెద్ద బోల్టుతో కుస్తీ పట్టేవారు ఉన్నారు.

నడిమి బోల్టే విప్పవలసి వస్తే తుప్పు వదిలించే నూనె పోసి కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రి, ఆగాలి. డీజిలు పోయడం అలవాటే గాని అది అంత బాగా లోపలికి దిగదు. సాధారణంగా బోల్టు అపసవ్య దిశలో విడుతుంది. అయినా ఆ ఇంజను మాన్యువల్ చూసి నిర్ధారించుకోవడం మేలు. షాఫ్టు తిరగకుండా మాన్యువల్ గేరు బండిని టాప్ గేరులో ఉంచి, మరొకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టాలి. పొడవైన టామీ రాడ్డుతో బాక్సు పానా తిప్పాలి. (పానా అన్న మాట మరాఠీలోనూ అదే, ఇక్కడి షెడ్డులో భాష మారినా పనిముట్టు పేరు మారదు.) రాడ్డును ఛాసిస్‌కు ఆనించి సెల్ఫు కొట్టి బోల్టు విప్పే కిటుకు కొందరు వాడతారు. అది జారితే చేయి విరుగుతుంది.

బోల్టు వచ్చినా పుల్లీ రాకపోతేనే అసలు పరీక్ష. అప్పుడు సుత్తితో అంచును కొట్టరాదు. క్రాంకు వెనుకకు, ముందుకు జరగకుండా ఆపే థ్రస్టు బేరింగు దెబ్బ తినవచ్చు, పుల్లీ అంచు కూడా వంకరపోతుంది. చాలా పుల్లీలలో లోపలి దిమ్మకు, వెలుపలి చక్రానికి మధ్య రబ్బరు పొర ఉంటుంది. దవడల పుల్లరును వెలుపలి అంచుకు తగిలించి లాగితే ఆ రబ్బరు ఊడి, చక్రం విడిగా చేతికి వస్తుంది. దిమ్మ మాత్రం షాఫ్టు మీదనే ఉండిపోతుంది. అందువల్ల దిమ్మలో మరలున్న రంధ్రాలకు బోల్టులతో బిగించే పుల్లరే సరైనది. పుల్లరు స్క్రూ కొన క్రాంకు మరలను చెడగొట్టకుండా, రంధ్రం అడుగు వరకు చేరే, మరలకు తగలనంత సన్నని ఉక్కు కడ్డీని మధ్యలో పెట్టాలి. స్క్రూను గట్టిగా బిగించి కాసేపు వదలాలి, మళ్ళీ పావు చుట్టు తిప్పాలి. తొందరపడి ఒకేసారి బిగిస్తే పుల్లరు బోల్టులు తెగుతాయి.

అప్పటికీ కదలకపోతే దిమ్మను మాత్రమే మరిగే నీటితో గాని, వేడిగాలి యంత్రంతో గాని వేడి చేయాలి. దిమ్మ షాఫ్టు కంటే ముందుగా వేడెక్కి వ్యాకోచిస్తుంది. గ్యాసు మంట వాడితే రబ్బరు, ఆయిల్ సీలు రెండూ కాలుతాయి. పక్కన నూనె ఉంటే నిప్పే అంటుకుంటుంది.

పుల్లీ వచ్చాక షాఫ్టు గాడిలోని చిన్న కీ అరిగిందా, విరిగిందా చూడాలి. కీ ఖరీదు తక్కువే గాని పాతదాన్ని అలాగే పెడితే పుల్లీ ఆడి గాడినే తినేస్తుంది, అప్పుడు షాఫ్టే మార్చవలసి వస్తుంది. సీలు తిరిగే భాగంలో లోతైన గీత పడితే కొత్త సీలు వేసినా నూనె కారుతుంది. తిరిగి ఎక్కించే ముందు తుప్పును శుభ్రంగా గీకి, పలుచగా నూనె రాసి, కీ గాడికి సరిపెట్టి, మాన్యువల్‌లో చెప్పిన టార్కుకే బోల్టు బిగించాలి. కొన్ని ఇంజనులకు కొత్త బోల్టే వేయాలని తయారీదారు చెబుతాడు. బెల్టు వేసి ఇంజను నడిపి, దూరంగా నిలబడి పక్క నుండి చూస్తే పుల్లీ ఊగుతున్నదో లేదో తెలుస్తుంది. ఊగితే వెంటనే ఆపాలి.