ఓడ కోసం పుట్టిన స్టేషన్

రామేశ్వరం వెళ్లిన తెలుగువాళ్లు ధనుష్కోటి చూడందే తిరిగి రారు. కాశీ మొక్కున్నవాళ్లు గంగలో కలపడానికి అక్కడి ఇసుక మూటగట్టుకుంటారు. గవ్వల దండలు అమ్మే పాకల దగ్గర మొండిగోడలు కనిపిస్తే ఫొటో దిగి జీపెక్కేస్తారు. ఒకచోట చర్చి, గోడల నిండా చిల్లుల పగడపురాళ్లు. ఇంకోచోట పైకప్పు లేని కమానులు. ఆ కమానులే రైల్వే స్టేషన్.

దాన్ని కట్టింది ఊరి కోసం కాదు, ఓడ కోసం. అంతకుముందు మద్రాసు నుంచి కొలంబో వెళ్లాలంటే రైల్లో తూత్తుకుడి దాకా పోయి, అక్కడ స్టీమరెక్కి సముద్రం మీద చాలా దూరం పోవాల్సి వచ్చేది. ధనుష్కోటి నుంచైతే సింహళం ఒడ్డున తలైమన్నారు సుమారు 35 కిలోమీటర్లే. కాకపోతే ధనుష్కోటి ఉన్నది దీవి మీద. ఇవతలి ఒడ్డు నుంచి అక్కడికి రైలు పోవడానికి అడ్డమల్లా పాంబన్ పాయ. 1914లో దానిమీద రెండు కిలోమీటర్ల పైచిలుకు వంతెన కట్టారు. ఓడలొస్తే నడిమి భాగం రెండు రెక్కలుగా పైకి లేచేది. సౌత్ ఇండియన్ రైల్వే మీటర్‌గేజి బండి ఇక తిన్నగా రేవుకే. జనం దాన్ని బోట్ మెయిల్ అన్నారు. ఒకే టికెట్టు మీద ఇవతల రైలు, నడుమ స్టీమరు, అవతల మళ్లీ రైలు. తేయాకు తోటల కూలీలకు మాత్రం ఇంత సాఫీ కాదు. సింహళ ప్రభుత్వం పాయకు ఇవతలి ఒడ్డున మండపం అనే ఊళ్లో శిబిరం పెట్టి, వాళ్లను కొన్నాళ్లు ఆపి పరీక్షించాకే పంపేది.

అప్పట్లో పాంబన్ నుంచి అసలు లైను ధనుష్కోటిది. రామేశ్వరానిది పక్కకు చీలిన కొమ్మ. రామలింగేశ్వరుడికన్నా కొలంబో స్టీమరే కంపెనీకి ముఖ్యమన్నమాట.

1964 డిసెంబర్ 22 రాత్రి తుపాను. పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజరు ధనుష్కోటి స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉండగా ఉప్పెన కమ్మేసింది. వంద మందికి పైగా ఉన్న బండిలో ఎవరూ మిగల్లేదు. ఊరినీ రేవునూ సముద్రం ఊడ్చేసింది. తెగిన పాంబన్ వంతెనను శ్రీధరన్ అనే యువ ఇంజనీరు 46 రోజుల్లో నిలబెట్టారు. ఆ తర్వాత ఢిల్లీ మెట్రో కట్టిందీ ఆయనే.

వంతెన లేచింది గానీ ధనుష్కోటి లైను లేవలేదు. ఆ చోటు నివాసానికి పనికిరాదన్నారు. కారణం అదొక్కటే అంటే నేను నమ్మను. ఎందుకంటే తలైమన్నారు స్టీమరు రామేశ్వరం నుంచి నడవడం మొదలైంది. ఓడే వెళ్లిపోయాక ఇక ఈ స్టేషన్‌తో రైల్వేకి పనేముంది? రామేశ్వరం కొమ్మ కాస్తా మానైంది.

ఆ స్టీమరూ 1980లలో లంక అంతర్యుద్ధంతో ఆగిపోయింది. ధనుష్కోటికి మళ్లీ రైలు వేస్తామని 2019లో శంకుస్థాపన చేశారు. రామేశ్వరం నుంచి పట్టుమని ఇరవై కిలోమీటర్లు లేదు. 2025లో పాంబన్ మీద కొత్త వంతెన కూడా తెరిచారు. ఈ లైను కూడా వేస్తే, ఎక్కేది ఇసుక మూటల యాత్రికులే.