ఎద్దు మూపురం కింద ఊరు

బైలదిలా కొండ పేరుకి అర్థం ఎద్దు మూపురం. ఛత్తీస్‌గఢ్‌లోని కిరందుల్‌లో మా క్వార్టరు గుమ్మంలో నిలబడితే ఆ కొండ అచ్చం అలాగే కనిపించేది. జపాన్ ఉక్కు కొలుముల కోసం 1968లో ఇక్కడ ఇనుప రాయి తవ్వకం మొదలైంది. కొండలు తొలిచి కొత్తవలస నుంచి వేసిన రైలు మార్గం ఆ రాయిని విశాఖ రేవుకి చేర్చింది. ఆ దారినే మా నాన్నలాంటి తెలుగువాళ్లు పనికోసం ఇటు వచ్చారు.

గని మట్టి పట్టిన నాన్న చొక్కా ఎన్నిసార్లు జాడించినా చివరి నీళ్లు కూడా ఎర్రగానే దిగేవి. శంకినీ నదీ అంతే, ఎర్రగా పారేది. దంతెవాడలో దంతేశ్వరి గుడి దగ్గర అది డంకినిలో కలుస్తుంది. ఆ నీళ్లమీదే బతికిన ఆదివాసీ పల్లెల బాధ మా ఇళ్లలో ఎవరం పట్టించుకోలేదు. అది తప్పే.

కొండమీద నందరాజ్ ఆ ఆదివాసుల దేవుడు. ఆ కొండను తవ్వొద్దంటూ 2019 జూన్‌లో వేలమంది ఆదివాసులు విల్లంబులతో కిరందుల్ వచ్చి, గని ఆఫీసు ముందు రోజుల తరబడి బైఠాయించారు. ప్రభుత్వం అక్కడ పనులు ఆపింది.