మా ముత్తాత తెచ్చిన కంచు బిళ్ళ

శతవార్షిక సంచికకు వ్యాసమొకటి వ్రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, మా ముత్తాతను గూర్చి వ్రాస్తానని ఒప్పుకొన్నాను. సిపాయిగా మొదటి ప్రపంచ యుద్ధానికి పోయి వచ్చిన మనిషి అని మా ఇంట మూడు తరాలుగా చెప్పుకొంటున్న మాట. ఒంగోలుకు ఉత్తరాన, పత్తి మిరప పండే నల్లరేగడి పల్లె మాది. బడిలో నన్ను "సిపాయోళ్ళ పిల్లోడు" అనేవారు. ఆ పేరుతో తల ఎత్తుకొని తిరిగాము. కాబట్టి ఈ వ్యాసం సులువుగా పూర్తవుతుందనుకొన్నాను.

ఆధారాల కొరకు వెదకబోతే మొదటి చిక్కు జిల్లాతోనే వచ్చింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడక ముందు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఒకే పల్లెలో పుట్టి పెరిగిన మనిషి కాగితాల కొరకు మూడు జిల్లాల పేర్లు తలచుకోవాలి. రెండవ చిక్కు పేరుది. బాప్తిస్మపు పుస్తకంలో ఆయనది బైబిలు పేరు. ఊరంతా పిలిచింది వేరొక పేరు. యుద్ధానికి పోయినది ఆ రెండవ పేరుతో.

ఆ సంగతి తెలిపినది ఇంట్లో ఉన్న బిళ్ళే. మా నాయనమ్మ బట్టల పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉంచిన బిళ్ళ అది. ఒక ప్రక్క అయిదవ జార్జి చక్రవర్తి తల, రెండవ ప్రక్క గుర్రపు రౌతు, 1914, 1918 అన్న అంకెలు. ఆ రౌతుకు ఒంటిమీద బట్ట లేదు. చిన్నప్పుడు మేమందరం నవ్వుకొన్నది అందుకే. అంచున ఉన్న అక్షరాలను ఎవరమూ చదవలేదు. సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న మా సంఘ సభ్యుడొకరికి దానిని చూపించాను. ఆయన గోటితో గీకి చూచి, "అయ్యగారూ, ఇది వెండి కాదు, కంచు" అన్నారు.

ఆ యుద్ధంలో సేవ చేసిన సిపాయికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ వెండిది. అదే బొమ్మతో కంచుది ముఖ్యంగా లేబర్ కోరులలో పనిచేసిన వారికి ఇచ్చారు. అంచుమీద వరుసగా సంఖ్య, హోదా, పేరు, దళం ఉంటాయి. అద్దం పెట్టి చూచాను. మా ముత్తాత పేరుకు ముందున్న మాట సిపాయి కాదు, కూలీ.

1914 నుండి 1918 వరకు మన దేశం నుండి సైన్యంలో చేరినవారు 14 లక్షల పైబడి. అందులో అయిదున్నర లక్షల పైబడి తుపాకి పట్టనివారే. మోతగాళ్ళు, కంచరగాడిదలు తోలేవారు, వంటవారు, పాకీవారు, రోడ్లు రైళ్ళు వేసేవారు. మెసపటోమియాలో 1916 ఏప్రిల్ 29న కూట్ పట్టణంలో బ్రిటిషు సైన్యం లొంగిపోయింది. బాస్రాలో సరియైన రేవు లేక ఓడలు సరుకు దింపలేక నదిలో నిలిచిపోవడం అందుకొక కారణం. ఆ తరువాతనే మనుషులను విరివిగా తరలించి రేవుకట్టలు కట్టించారు, వరద కట్టలు పోయించారు, రైలు పట్టాలు పరిపించారు. 1917 మార్చి 11న బాగ్దాదు పట్టుబడిన విజయం వెనుక ఆ చేతులున్నాయి. మద్రాసు రాజధాని నుండి పోయినవారు కూడా వారిలో ఉన్నారు.

పింగళ సంవత్సరంలో పోయాడని మా నాయనమ్మ చెప్పేది. అనగా 1917. పెద్దకాపు గారి వద్ద పాలేరుగా ఉండేవాడు, తీరని అప్పు, కూలీలను చేర్చే మేస్త్రీ ముందుగా రొక్కం ఇచ్చాడు. అంతే కారణం. రెండేండ్ల తరువాత తిరిగి వచ్చేసరికి అప్పు తీరింది గాని, 1918 నాటి విషజ్వరంలో మొదటి భార్యా, బిడ్డా పోయారు. మేము రెండవ భార్య సంతతి వారము.

ఆయన చెప్పిన మాటల్లో మా వాళ్ళు నమ్మనిది ఒకటున్నది. "అబ్రాహాము ఊరు చూచి వచ్చాను" అనేవాడట. అందరూ నవ్వేవారట. ఆదికాండంలోని కల్దీయుల ఊరు అను పట్టణపు దిబ్బలు నాసిరియా ప్రక్కనే ఉన్నాయి. బాస్రా నుండి నాసిరియాకు 1916 చివరకు పట్టాలు పడ్డాయి. తరువాత బాగ్దాదుకు వేసిన దారిలో ఊర్ జంక్షన్ అన్న స్టేషనే ఉన్నది. వేదాంత కళాశాలలో ఆ స్థలాలన్నీ పటం మీద గుర్తుపెట్టి పరీక్ష వ్రాసినవాడిని నేను. అక్షరం రాని మా ముత్తాత తట్ట నెత్తిన పెట్టుకొని అక్కడ నడిచాడు.

ఈ సంగతులన్నీ మా పెదనాన్నగారికి చెప్పాను. ఆయనకు ఎనభై దాటాయి. "పాస్టరువైనంత మాత్రాన మా తాతను కూలీని చేస్తావురా?" అన్నారు. వెండి బిళ్ళ కరువులో కుదువ పడిందనీ, ఇది దాని నకలనీ ఆయన వాదన. ఒకరికి ఒకే యుద్ధసేవకు వెండిదీ కంచుదీ రెండూ ఇవ్వరని చెబితే లేచి వెళ్ళిపోయారు.

ఆయన కోపం నాకు అర్థమవుతుంది. ఆ ఒక్క మాట తప్పించుకోవడానికే మన పెద్దలు మనల్ని బడికి పంపారు. అయినా 1876–78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు గుత్తకు తీసుకొని ఆకలిగొన్న వారికి తవ్వకపు పని ఇచ్చిన చరిత్రను, మన పొరుగు బాప్టిస్టు సహోదరులు గర్వంగా చెప్పుకొంటారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందిన 2,222 మంది ఆ కరువు నుండి లేచి వచ్చినవారే. ఆ తట్టకు లేని సిగ్గు బాస్రా తట్టకు ఎందుకు?

సిగ్గుపడవలసినవారు వేరే ఉన్నారు. మెసపటోమియాలో చనిపోయిన మన సిపాయిల పేర్లు బాస్రా స్మారకంలో చెక్కలేదు. అధికారులు మినహా మిగిలినవారిని సంఖ్యగా చూపారు. ఇటువంటి అసమానత జరిగినదని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021లో తన నివేదికలో ఒప్పుకొని క్షమాపణ చెప్పింది.

మా పల్లె దేవాలయపు ఆవరణలో యుద్ధాలకు పోయి వచ్చినవారికి ఒక రాయి నిలపాలని పెద్దలు తీర్మానించారు. మా ముత్తాత పేరుకు ఎదురుగా ఏమి చెక్కించాలో మమ్మల్నే అడిగారు. నేను "లేబర్ కోర్, మెసపటోమియా, 1917–1919" అని వ్రాసి ఇచ్చాను. పెదనాన్నగారు ప్రతిష్ఠ నాడు వస్తారో రారో అనుకొన్నాము. వచ్చారు. కళ్ళజోడు తుడుచుకొని రెండుసార్లు చదివారు.

"కల్దీయుల ఊరు అన్నమాట కూడా వేయించవలసిందిరా" అన్నారు.

రాతిలో చోటు లేదు.