కొయ్యయింటి కవచము

మన దేశమున గోడ యనగా మట్టి, ఇటుక, రాయి. దూలములను, వాసములను గోడయే మోయును. ఉత్తర అమెరికాలో సామాన్యుల యిండ్లు పెక్కింటికి గోడ కూడ కొయ్యయే. లోపల నిలువుకొయ్యల చట్రము, దానిమీద పలకల తొడుగు, ఆపైన వాననాపు పైకప్పడము. నేను చెప్పబూనినది నడిమి తొడుగునుగూర్చి. అది కంటికి కనబడదు. కాని యింటిని ఒరగకుండ నిలుపునది అదియే.

1830 ప్రాంతమువరకు అచట బరువైన దుంగలను చెక్కి, ఒకదానిలో నొకటి దూర్చి యిండ్లు కట్టుచుండిరి. అందులకు నేర్పరులైన వడ్రంగులు కావలయును. రంపపుమిల్లుల సన్నకొయ్యలు, యంత్రములు చేసిన చౌకమేకులు దొరకిన పిదప షికాగో నగరమున క్రొత్త పద్ధతి వ్యాపించెను. కొద్దిమంది కొలదిదినములలో నిల్లు నిలుపగలిగిరి. దానికి బెలూన్ చట్రమని పేరు.

అయితే నాలుగు పుల్లలను చతురస్రముగా మేకులతో కూర్చి మూలను నెట్టిచూడుడు, ప్రక్కకు ఒరగును. మూడు పుల్లల త్రికోణము ఒరగదు. సన్నని చట్రము బరువు మోయగలదు గాని పెనుగాలికి నిలువజాలదు. పలకలను అడ్డముగా కొట్టిన చలి కొంత ఆగును. ఒరుగుట అంతగా తగ్గదు, ఏలయన ప్రతి పలకయు వేరుగా కదలును. వానినే ఏటవాలుగా కొట్టినచో ఒక్కొక్క పలక త్రికోణమునకు భుజమగును. మాడిసన్ నగరమున 1910లో నెలకొన్న అటవీవస్తు పరిశోధనశాలవారు గోడలను నెట్టి పరీక్షించి, ఏటవాలు తొడుగు అడ్డతొడుగుకంటె అనేకరెట్లు దృఢమని తేల్చిరి. కాని దానివలన కొయ్యయు, శ్రమయు హెచ్చుగా వ్యయమగును.

ఈ చిక్కును ప్లైవుడ్ తీర్చెను. ఒక పొర నార నిలువుగను, తరువాతి పొర నార అడ్డముగను ఉంచి అంటించిన పలక యది. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. 1905లో పోర్ట్‌లండు ప్రదర్శనమున దీనిని జనులు చూచిరి. అప్పటి జిగురు తడికి విడిపోవుచుండెను. 1934లో జేమ్స్ నెవిన్ నీటికి చెడని జిగురును సిద్ధపరచిన పిదప వెలుపలిగోడలకు ఈ పలకలు నమ్మదగినవయ్యెను. అయినను పలక బలమంతయు మేకులమీద నాధారపడియుండును. మేకుతల పైపొరను చీల్చుకొని లోనికి దిగిన ఆచోట పట్టు తగ్గును.

కవచమునకు తడి పరమశత్రువు. కెనడాలోని వాంకూవరు ప్రాంతమున 1980 తరువాత కట్టిన వసతిగృహములు పెక్కింటిలో వాననీరు గోడలోనికి చొచ్చి, వెలికిపోవు త్రోవలేక తొడుగును, చట్రమును కుళ్లజేసెను. పైకి గోడ నిగనిగలాడుచుండగనే లోపల బలము నశించెను. జీవితకాలపు పొదుపును ఆ యిండ్లలో పెట్టిన సంసారులు మరమ్మతుల ఖర్చుతో దివాలాతీసిరి. 1998లో డేవ్ బారెట్ అధ్యక్షతను విచారణసంఘ మేర్పడెను. పైకప్పడమునకును తొడుగునకును నడుమ సందు విడిచి, నీరు జారుటకును గాలి యాడుటకును వీలుకల్పించు పద్ధతి యటుపిమ్మట అచట స్థిరపడెను.

కావున ఇల్లు కొనువారు పైమెరుగు చూచి తృప్తిపడరాదు. గోడ మూయకమునుపే తొడుగును, మేకులను, నీటిత్రోవను పరీక్షించుట మేలు. మూసినపిదప ఆ పరీక్ష చేయునది వానయే.