ఎవరి సంస్కృతి? ఎవరి తెలుగు? : మిషనరీల భాషాభ్యాసంలో కులం పాత్ర

తెలుగు సాహిత్య చరిత్రల్లో మిషనరీల ప్రస్తావన సాధారణంగా ‘భాషాసేవ’ అనే శీర్షిక కింద వస్తుంది. వ్యాకరణాలు, నిఘంటువులు, అచ్చుయంత్రం, బైబిలు అనువాదం అనే వరుసలో వారి కృషిని లెక్కగట్టి ముగించడం పరిపాటి. పరాయి దేశం నుంచి వచ్చినవారు ఇక్కడి భాషకూ ఆచారానికీ అలవాటుపడ్డారని చెప్పేటప్పుడు, ఆ ఆచారం ఏ కులానిది, ఆ భాష ఎవరి నోటిది అనే ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

ఈ ప్రశ్నకు మూలాలు మధురలో ఉన్నాయి. తెలుగు మూలాలు గల నాయక రాజులు పాలిస్తున్న ఆ నగరానికి 1606లో ఇటలీకి చెందిన జెస్విట్ గురువు రాబర్టో డి నొబిలి చేరుకున్నాడు. అప్పటికే అక్కడున్న గొన్సాలో ఫెర్నాండెజ్ బోధనకు నగరవాసుల నుంచి స్పందన రాలేదు. కారణం ఒక మాటలో ఉందని నొబిలి గ్రహించాడు. మతంలో చేరగోరే వ్యక్తిని ‘ఫరంగి కులంలో చేరతావా?’ అన్న అర్థం వచ్చేలా అడిగేవారు. స్థానికుల దృష్టిలో ఫరంగి అంటే గోమాంసం తిని, మద్యం తాగే పోర్చుగీసువాడు. అంటే మతానికి పెట్టిన పేరే మతానికి అడ్డుగోడ అయింది. నొబిలి తాను ఫరంగిని కానని ప్రకటించాడు. కాషాయం ధరించి, శాకాహారిగా మారి, బ్రాహ్మణుడైన శివధర్ముని వద్ద సంస్కృతం అభ్యసించాడు. తమిళంతో పాటు తెలుగూ నేర్చాడు. జందెం, శిఖ వంటి చిహ్నాలను క్రైస్తవులు ఉంచుకోవచ్చునా అనే వివాదం రోము దాకా వెళ్ళి, 1623లో పోపు అనుమతితో తాత్కాలికంగా సద్దుమణిగింది.

నొబిలి మార్పును సాహసంగా కీర్తించడం న్యాయమే. అయితే సన్యాసి వేషంతో పాటు అంటరానితనపు నియమాలు కూడా వచ్చాయి. ఫెర్నాండెజ్‌తో, అతని సంఘంలోని పరవ కులస్థులతో బహిరంగ సంబంధాలను నొబిలి తగ్గించుకున్నాడు. అలవాటుపడటం అంటే ఇక్కడ ఒక వర్గపు ఆచారానికి అలవాటుపడటమే.

కథోలిక పరిభాషలో ఈ ధోరణి జాడలు నేటికీ కనిపిస్తాయి. జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం, దివ్యబలిపూజ, సర్వేశ్వరుడు, సువిశేషం వంటివి సంస్కృత శబ్దాలతో కట్టిన మాటలు. ప్రొటెస్టెంటు తెలుగులో గ్రీకు శబ్దాన్నే నిలిపిన బాప్తిస్మం, దానితో పాటు ప్రభు రాత్రి భోజనం, ఆరాధన, సువార్త ప్రచారమయ్యాయి. ఒకే మతానికి రెండు తెలుగులు ఏర్పడటానికి సిద్ధాంత భేదాలు ఒక కారణం. ఎవరి దగ్గర భాష నేర్చుకున్నారన్నది మరొక కారణం.

ఆ గురువుల పేర్లు చాలావరకు చరిత్రకెక్కలేదు. విశాఖపట్నం ఇందుకు మినహాయింపు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్‌లకు అనువాదంలో తోడుగా నిలిచినవాడు ఆనందరాయరు. ఆయన క్రైస్తవుడైన బ్రాహ్మణుడు. అంతకు ముందు టిప్పు సైన్యంలో లెక్కల ఉద్యోగి. క్రాన్ 1809లో, డే గ్రాంజెస్ 1810లో మరణించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. వాటిని మిషనరీల రచనలుగా మాత్రమే పేర్కొనడం సగం చరిత్రే.

మచిలీపట్నంలో ఈ మొగ్గు మరింత స్పష్టమైంది. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో పాఠశాల ప్రారంభించాడు. అగ్రకులాల పిల్లలను ఆకర్షించాలనే లక్ష్యంతో తొలిదశలో మాల మాదిగ పిల్లలకు ప్రవేశం కల్పించలేదు.

ఒంగోలులో సమీకరణం తలకిందులైంది. అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ 1866లో అక్కడ స్థిరపడ్డాడు. అదే ఏడాది బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. అతడు రాజయోగ గురువుల వద్ద సాధన చేసినవాడు. అంటే పండితుల తెలుగుకు వెలుపల మరో ఆధ్యాత్మిక పరిభాషను వెంట తెచ్చుకున్నవాడు. 1867 జనవరిలో తాళ్ళకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని ఒంగోలు అగ్రకులస్థులు చెప్పారు. మధురలో నొబిలికి ఎదురైన చిక్కే ఇది. క్లౌ మాత్రం మాదిగల పక్షాన నిలిచాడు. ఉదారతే ఇందుకు కారణమనడం అతిశయోక్తి. ఆహ్వానించింది, దారి చూపింది పేరయ్య, అతని బంధుజనం.

1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకొని క్లౌ వేలమందికి కూలి కల్పించాడు. ఆ పనుల కాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. కూటికోసం మతం మారారనే మాట రాకూడదన్నది అతని జాగ్రత్త. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో నిలిచి ఆ క్రతువు నడిపినవారు ఆరుగురు తెలుగు బోధకులు. క్లౌ స్వయంగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

ఆ తరపు మాదిగల జీవితకథలను ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ సేకరించింది. తెలుగులో చెప్పిన ఆ కథలు 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ పేరుతో ఇంగ్లీషులో అచ్చయ్యాయి. పేరయ్య మాట్లాడిన తెలుగు ఎలా ఉండేదో ఊహించాలంటే ఆ ఇంగ్లీషు పుటల మీదనే ఆధారపడాలి.