రజాకారు అనే మాట

జగ్గయ్యపేటలో మా అమ్మమ్మ మాట వినని పిల్లల్ని "రజాకారు వెధవా!" అని కసిరేది. ఆ ఉర్దూ మాటకి స్వచ్ఛంద సేవకుడని అర్థమని పరిశోధనలోకి వచ్చాకే తెలిసింది. సేవకుడన్న మాట తిట్టుగా ఎలా మారింది?

1948 దాకా జగ్గయ్యపేట దాటితే నైజామే. నైజాం నడుమ ఉన్న మునగాల పరగణా కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో భాగం. నందిగామకు దగ్గర్లోని పరిటాల మాత్రం నైజాంది. పుట్టిల్లు అటు, మెట్టినిల్లు ఇటు అయిన ఆడవాళ్లకి ఆ సరిహద్దు పెద్ద పట్టింపు కాదు. 1947-48లో మూటాముల్లెతో, చంటిపిల్లలతో జనం దాటి వస్తుంటే దాని అర్థం తెలిసింది. అప్పటికి అమ్మమ్మకు పదేళ్లు.

మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకత్వం 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతికొచ్చింది. రాజ్యం పోతే మన గతేమిటన్న భయం, ప్రతి ముస్లిమూ పాలకుడేనన్న గర్వం రెండూ కుర్రవాళ్లకు నూరిపోశారు. చేతికి ఆయుధమిచ్చారు. నిజాం సర్కారు అడ్డుకోకపోగా తన పోలీసుల్ని తోడు పంపింది. ఇది మతంలోంచి దానంతటది పుట్టిన హింస కాదు. రజాకార్లకు ఎదురు నిలిచి రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ కూడా ముస్లిమే. 1948 ఆగస్టులో ఆయన్ని హైదరాబాదులో చంపేశారు.

సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, బెజవాడ వైపు నుంచి కూడా. అయిదు రోజుల్లో రజాకార్ల ఆట కట్టింది. ఆ తర్వాత ప్రతీకారం మొదలైంది. మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో అది మరీ ఘోరం. సుందర్‌లాల్ కమిటీ అంచనాలో సంస్థానమంతటా చనిపోయిన ముస్లింలు 27 వేల నుంచి 40 వేలు. ఆ నివేదిక 2013 దాకా బయటికి రాలేదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'తో సాయుధ పోరాటంలోని స్త్రీల గొంతు వినిపించింది. అది చదివే నేను అమ్మమ్మ ముందు కూర్చుని సరిహద్దు కథలు అడిగాను. రజాకార్ల తల్లుల గురించి, భర్తల్ని పోగొట్టుకున్న ముస్లిం స్త్రీల గురించి అడగాలని తోచనేలేదు. చివరికి ఒకరోజు, "నువ్వలా తిడుతుంటే పక్కింటి సాయిబుగారి భార్య వినేది కాదా?" అన్నాను.

అమ్మమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"వినేది. వినబడనట్టు పొయ్యి ఊదుకునేది."

హింసకు సమాధానం సైన్యంతోనే ముగియదు. ఓ సమూహాన్నంతా ఒక్క మాటతో నేరస్థుల్ని చేసే అలవాటు మన ఇళ్లల్లోనే ఉంది. అమ్మమ్మ మళ్లీ ఆ తిట్టు తిట్టలేదు.